అన్నిటికీ ఒకటే పేరు, గ్యాస్: మా ఇంట్లో మూడు పొట్టల్ని తిండితో ఎలా దారిలో పెట్టుకున్నామంటే

మా ఇంట్లో పెద్దవాళ్ళం ముగ్గురం, ముగ్గురికీ గ్యాసే. మా ఆయనకి గ్యాస్ అంటే రాత్రి పడుకోగానే గుండెల్లో మంట, గొంతులోకి పుల్లటి నీళ్ళు. మా అత్తయ్యకి గ్యాస్ అంటే మూడ్రోజులకోసారి మోషన్, అదీ అరగంట కూర్చుంటే. నాకేమో మధ్యాహ్నం అన్నం తిన్న గంటకల్లా పొట్ట డప్పులా బిగుసుకుపోయి సాయంత్రానికి నాడా వదులు చేస్కుంటే గానీ కూర్చోలేకపోవడం. ఈ మూడిటికీ కలిపి నేను చేసిన వైద్యం ఒకటే, పొద్దున్నే వాము నీళ్ళు కాచి మూడు గ్లాసుల్లో పోసివ్వడం. ఏడాది పైన తాగాం. వాము డబ్బాలు అయిపోయాయి గానీ ఎవరి గ్యాస్ వాళ్ళ దగ్గరే ఉంది.

తేడా ఎక్కడ తెలిసిందంటే, ఆయనకి మంటగా ఉందని రాత్రిళ్ళు చల్లటి పాలు ఇచ్చేదాన్ని, గిన్నెలో మిగిలినవి పారబోయడం ఎందుకని నేను తాగేసేదాన్ని, ఆయనకి కాసేపు హాయిగా ఉండేది, నాకు తెల్లారుజామున పొట్టలో గుడగుడ మొదలు. ఒకే ప్యాకెట్ పాలు, ఒకరికి మందు ఒకరికి రోగం. అప్పుడు అనిపించింది ఇవి మూడూ వేరు వేరు జబ్బులు, మనమే సోమరితనంతో ఒక పేరు పెట్టుకున్నామని. అక్కడ్నుంచి డాక్టర్‌కి చూపించుకుని, డైటీషియన్‌తో మాట్లాడి, మిగతాది ఇంట్లో చేసి చూసి నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నా. నేను డాక్టర్‌ని కాదు, వంట చేసేదాన్ని, అలాగే చదవండి.

ముందు ఇది చూస్కోండి, తర్వాతే తిండి సంగతి

ఛాతీలో బరువు పెట్టినట్టు, పట్టేసినట్టు నొప్పి, చెమటలు, ఎడమ చేతికో దవడకో వీపుకో లాగడం, ఆయాసం, ఇవి ఉంటే గ్యాస్ నొప్పి అనుకుని సోడా తెప్పించుకుని కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి. షుగర్ ఉన్నవాళ్ళకి, ఆడవాళ్ళకి ఒక్కోసారి నొప్పి కూడా గట్టిగా తెలీదు, ఊరికే నీరసం, వికారం, ఆయాసం ఉంటాయి. మా చుట్టాల్లో ఒకాయన "గ్యాసేలే, తెల్లారి చూద్దాం" అని రాత్రంతా వీపు రుద్దించుకున్నారు, తీరా చూస్తే హార్ట్ ఎటాక్. బతికారు, అదృష్టం.

ఇంకొన్ని ఉన్నాయి. ముద్ద మింగుతుంటే అడ్డుపడటం, డైటింగ్ ఏమీ చేయకుండానే బరువు తగ్గిపోవడం, మోషన్‌లో రక్తం, తారులా నల్లగా రావడం (ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్ళకి కూడా నల్లగా వస్తుంది, అయినా చెప్పండి), వాంతులు ఆగకపోవడం, రక్తం తక్కువుందని రిపోర్ట్ రావడం, నిద్రలోంచి లేపేసే నొప్పి, కళ్ళు పచ్చబడటం, 50 దాటాక ఉన్నట్టుండి మోషన్ అలవాటు మారిపోవడం. ఇందులో ఏ ఒక్కటున్నా జీలకర్ర నీళ్ళతో టైమ్ వేస్ట్ చేయొద్దు. తిండి మార్పులు వీటి తర్వాత మాట.

పాల లెక్క రాసే క్యాలెండర్ చాలు

మా వంటింటి తలుపు వెనకాల తిథులూ వర్జ్యాలూ ఉండే పెద్ద గడుల క్యాలెండర్ ఒకటి ఉంటుంది, పాల ప్యాకెట్లు, గ్యాస్ బండ మార్చిన తారీఖు అన్నీ దానిమీదే రాస్తా. దానికే ఒక పెన్ను దారంతో కట్టేసి ముగ్గురికీ చెప్పా, మంట వస్తే "మం", ఉబ్బరం అయితే "ఉ", మోషన్ సాఫీగా అయిన రోజు "మో" అని రాయండి, పక్కనే టైమ్ వేయండి, అంతే. ఏం తిన్నారో నాకు తెల్సు కదా, వండేది నేనే. బయట తింటే మాత్రం మీరు రాయండి అన్నా. ఆయన మొదట్లో నవ్వారు, "ఆఫీసులో ఎక్సెల్ షీట్లు చాలవన్నట్టు ఇంట్లో కూడానా" అని.

రెండు వారాలు ఏమీ మార్చకుండా ఊరికే రాయండి. ఇదే కష్టమైన పని, ఎందుకంటే మనకి వెంటనే ఏదో ఒకటి మానేయాలనిపిస్తుంది, వీడియో చూస్తాం, మర్నాడే పాలు బంద్, గోధుమ బంద్, వంకాయ బంద్, వారానికి నీరసం వచ్చి అన్నీ మళ్ళీ మొదలు, ఏది పడలేదో చివరికి తెలీదు. మాకు రెండు వారాలకి గడులు చూస్తే చాలా వింతగా అనిపించింది. ఆయన "మం"లన్నీ రాత్రి 11 తర్వాతే, అదీ ఇంటికి లేటుగా వచ్చిన రోజులే. ఆవకాయ తిన్న రోజులకీ వాటికీ సంబంధమే లేదు. నా "ఉ"లు సోమవారం, గురువారం ఎక్కువ, ఆ రెండు రోజులూ మాకు శనగలో రాజ్మానో వండుతా. అత్తయ్య "మో" ఆ రెండు వారాల్లో సగం గడుల్లో కూడా లేదు.

ఆ తర్వాత ఒక్కొక్కరికి ఒక్కటే మార్చాలి, పది పదిహేను రోజులు చూడాలి, తేడా లేకపోతే దాన్ని వెనక్కి తెచ్చుకుని రెండోది మార్చాలి. రెండూ కలిపి మారిస్తే క్యాలెండర్ ఎందుకూ పనికిరాదు.

మంట, పుల్లటి త్రేన్పులు ఉన్నవాళ్ళకి: ఏం తిన్నారు కంటే ఎప్పుడు తిన్నారు

అన్నవాహిక కింద, కడుపులోకి వెళ్ళేచోట బిగుతుగా ఉండే కండరం వలయం ఒకటుంటుంది, అది వదులైతే యాసిడ్ పైకి ఎగదన్నుతుంది. కడుపు నిండుగా ఉన్నప్పుడు పడుకుంటే ఇక చెప్పేదేముంది, నిండు బిందెని పక్కకి వంచినట్టే. మా ఆయన గచ్చిబౌలి నుంచి కూకట్‌పల్లి వచ్చేసరికి తొమ్మిదింబావు, స్నానం చేసి కూర్చునేసరికి తొమ్మిదీ ముప్పావు, అప్పుడు పప్పు, వేపుడు, చారు, పెరుగు అన్నీ వరసగా మూడు సార్లు అన్నం పెట్టించుకుని తిని పదిన్నరకి మంచం ఎక్కేవారు. తిన్నాక పడుకోడానికి కనీసం 2, 3 గంటలు గ్యాప్ ఉండాలి అని డాక్టర్ చెప్తే "అయితే అర్ధరాత్రి దాకా కూర్చోమంటారా" అని ఇంటికొచ్చి నామీద ఎగిరారు.

కూర్చోక్కర్లేదు, అన్నాన్ని ముందుకి జరిపాం. సాయంత్రం ఆరున్నరకి ఆఫీసులోనే అసలు డిన్నర్. బాక్సులో రెండు జొన్న రొట్టెలూ కూర పెడతా, పెట్టలేని రోజు క్యాంటీన్‌లో ఇడ్లీ, లేదంటే దార్లో రోడ్డు పక్కన చేసే జొన్న రొట్టె. ఇంటికొచ్చాక చిన్న గిన్నెడు పెరుగన్నమో పల్చటి మజ్జిగో అంతే. మొదటి వారం ఆకలి ఆకలి అన్నారు, రెండో వారానికి అలవాటైంది, "మం"లు వారానికి అయిదు నుంచి ఒకటికి వచ్చాయి. తిండిలో ఏమీ మానలేదు ఇంకా, టైమే మార్చాం.

దాని తర్వాత మిగిలినవి. ఎడమ వైపు తిరిగి పడుకోవాలి, కుడివైపు పడుకుంటే మంట ఎక్కువవుతుంది. తలకింద రెండు దిళ్ళు వేసుకుంటే ఉపయోగం లేదు, మెడ వంగి పొట్ట ఇంకా నొక్కుకుంటుంది, మంచం తలవైపు కాళ్ళ కింద 6 నుంచి 8 అంగుళాల ఎత్తు పెట్టాలి. మేం కార్పెంటర్ దగ్గర చెక్క ముక్కలు కోయించుకున్నాం, ఇటుకలు పెడితే జారుతున్నాయి. బెల్టు వదులు. నడుం చుట్టూ బరువుంటే అది తగ్గితే చాలా తేడా ఉంటుంది, సిగరెట్టూ మందూ సంగతి నేను చెప్పక్కర్లేదు. తిండిలో వేపుళ్ళు, నూనె తేలే కూరలు, ఖాళీ కడుపున కాఫీ, రాత్రిపూట చింతపండు పులుసు, టమాటా, చాక్లెట్, వీటిలో ఏది పడట్లేదో క్యాలెండరే చెప్తుంది, అందరికీ అన్నీ పడకుండా ఉండవు. పుదీనా ఒకటి గుర్తుపెట్టుకోండి. కడుపులో మెలిపెట్టే నొప్పికి పుదీనా మంచిదే గానీ ఆ వలయం కండరాన్ని కూడా వదులు చేస్తుంది, అంచేత మంట ఉన్నవాళ్ళకి పుదీనా టీ ఇస్తే మంట పెరుగుతుంది. అల్లం కూడా ఎక్కువైతే అంతే. నేను రెండేళ్ళు ఆయనకి అల్లం పుదీనా కషాయం శ్రద్ధగా కాచి పోశా, తల్చుకుంటే నవ్వొస్తుంది.

కారం వల్లే అల్సర్ వచ్చింది అని మనవాళ్ళు ఒక మాట అంటుంటారు, గుంటూరు వాళ్ళం కాబట్టి మాకు ఇది ఇంకా ఎక్కువ వినపడుతుంది. అల్సర్లకి అసలు కారణాలు ముఖ్యంగా రెండు, ఒకటి హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా, రెండోది ఒళ్ళునొప్పులకి ఇష్టమొచ్చినట్టు వాడే పెయిన్ కిల్లర్లు. ఆస్ట్రేలియా డాక్టర్ బారీ మార్షల్ 1984లో ఆ బ్యాక్టీరియాని తనే తాగేసి కడుపులో వాపు తెచ్చుకుని మరీ చూపించాడు, 2005లో ఆయనకీ, ఆయనతో కలిసి పనిచేసిన డాక్టర్ రాబిన్ వారెన్‌కీ కలిపి నోబెల్ ఇచ్చారు. అందుకని ఆవకాయని ఉరి తీయక్కర్లేదు. ఉన్న పుండు మీద కారం పడితే మండుతుంది, అది వేరే, అప్పుడు తగ్గించండి. మంట నెలల తరబడి ఉంటే ఆ బ్యాక్టీరియా టెస్ట్ గురించి డాక్టర్‌ని అడగండి.

గ్యాస్ టాబ్లెట్ గురించి కూడా ఒక మాట. పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి టిఫిన్‌కి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. మా ఆయన నాలుగేళ్ళు టిఫిన్ తిన్నాక వేసుకున్నారు, మందులషాపులో అడిగి తెచ్చుకునేది కాబట్టి చెప్పినవాళ్ళు లేరు. అలాగని ఇది చదివి రేపట్నుంచి మానేయకండి, ఎక్కువ రోజులు వాడి ఠక్కున ఆపితే యాసిడ్ ఒక్కసారి పెరిగి మంట మళ్ళీ ఎగబడుతుంది. డాక్టర్ని అడిగి మెల్లగా తగ్గించుకోవాలి, ఆయనకి రెండు నెలలు పట్టింది. బీపీ ఉన్నవాళ్ళు ఈనో లాంటివి రోజూ తాగొద్దు, అందులో సోడియం ఉంటుంది.

ఉబ్బరం: ఇక్కడ నేనే పేషెంట్‌ని

పప్పులు, శనగలు, రాజ్మా, అలసందల్లో కొన్ని రకాల చక్కెరలు ఉంటాయి, రాఫినోజ్, స్టాకియోజ్ అని. వాటిని విడగొట్టే ఎంజైమ్ మనిషి పేగుల్లో ఉండదు. అవి అలాగే పెద్దపేగు దాకా వెళ్తాయి, అక్కడి బ్యాక్టీరియా వాటిని తిని గ్యాస్ వదుల్తాయి. అంటే పప్పు తిన్నాక కొంచెం గ్యాస్ అందరికీ వస్తుంది, అది జబ్బు కాదు, కొందరి పేగులు ఆ కాస్తకే గోల చేస్తాయి, నావి ఆ బాపతు.

పప్పు మానేస్తే మనకి ఇంకేముంది తినడానికి, అంచేత నానబెట్టడం దగ్గర మారాను. ఇదివరకు కందిపప్పు రెండు సార్లు కడిగి డైరెక్ట్‌గా కుక్కర్లో పడేసేదాన్ని. ఇప్పుడు లేవగానే మొదటి పని, గిన్నెలో పప్పు వేసి మునిగేదానికి రెండింతలు నీళ్ళు పోసి పక్కన పెట్టేస్తా. గంటన్నర తర్వాత చూస్తే నీళ్ళు పసుపు కలిసిన కుడితిలా అవుతాయి, చేత్తో కదిపితే పైన సన్నటి నురగ కడుతుంది, పప్పు గోటితో నొక్కితే రెండుగా విరుగుతుంది. ఆ నీళ్ళు మొత్తం వంచేసి, ఇంకోసారి కడిగి, కొత్త నీళ్ళతో ఉడికిస్తా. ఆ చక్కెరలు నీళ్ళలో కరిగేవే కాబట్టి కొంత వాటితో పోతాయి. మా అమ్మయితే "సారమంతా పారబోస్తున్నావే" అంటుంది. కొంచెం పోతుంది నిజమే, పోనీ. శనగలు, రాజ్మా అయితే రాత్రంతా నానాలి, మధ్యలో ఒకసారి నీళ్ళు మార్చాలి, మెత్తగా ఉడకాలి, పలుకు ఉండకూడదు. పెసరపప్పు అన్నిట్లోకీ తేలిక, ఉబ్బరం ఉన్న రోజుల్లో అదే వాడతా. ఇడ్లీ పిండి పులిసేటప్పుడు కూడా ఆ చక్కెరలు కొంత తగ్గుతాయి, అందుకే మినపగారెలు తింటే బరువు, అదే మినప్పప్పు ఇడ్లీ అయితే హాయి. గారెల్లో నూనె కూడా ఉందనుకోండి.

పాలు రెండోది. చిన్నప్పుడు అరిగిన పాలు పెద్దయ్యాక అరక్కపోవడం మన దక్షిణాది వాళ్ళలో చాలా మామూలు, పాలలోని లాక్టోజ్‌ని అరిగించే ఎంజైమ్ వయసుతో తగ్గిపోతుంది. పదిహేను రోజులు పాలు, పాలతో చేసిన స్వీట్లు ఆపి చూడండి, పెరుగు మాత్రం ఆపక్కర్లేదు, తోడుకునేటప్పుడు లాక్టోజ్ కొంత ఖర్చయిపోతుంది, మిగిలిందాన్ని అరిగించడానికి పెరుగులో బ్యాక్టీరియానే సాయం చేస్తుంది. పాలు పడనివాళ్ళలో చాలామంది కూడా ఒక చిన్న కాఫీ, టీ దాకా తట్టుకుంటారు. నేను పొద్దున కాఫీ ఉంచుకున్నా, రాత్రి పాలు తీసేశా, గుడగుడ పోయింది.

మూడోది ఉల్లి, వెల్లుల్లి, ఇది ఎవరూ అనుమానించరు. వీటిలో ఫ్రక్టాన్లు ఉంటాయి, గోధుమలో కూడా ఉంటాయి, ఇవీ పెద్దపేగులో పులిసే రకమే. ఆస్ట్రేలియాలో మొనాష్ యూనివర్సిటీ వాళ్ళు ఇలాంటి పులిసే తిండి పదార్థాలన్నీ లిస్ట్ చేసి ఫాడ్‌మ్యాప్ అని ఒక పద్ధతి తయారు చేశారు, 2 నుంచి 6 వారాలు అవన్నీ ఆపి తర్వాత ఒక్కొక్కటే వెనక్కి తెచ్చుకుంటూ ఏది పడట్లేదో పట్టుకోవడం. పద్ధతి మంచిదే, కానీ సొంతంగా మొదలెట్టి ఆర్నెల్లు అదే పత్యంలో ఉండిపోవద్దు, పేగులకి మంచి చేసే పీచు కూడా దాంతో పోతుంది, డైటీషియన్‌తో చేయండి. ఇంట్లో చేసుకోగలిగిన చిట్కా ఒకటుంది. ఫ్రక్టాన్లు నీళ్ళలో కరుగుతాయి, నూనెలో కరగవు. అందుకని వెల్లుల్లి రెబ్బలు తాలింపు నూనెలో ఎర్రగా వేయించి, గరిటెతో తీసి పక్కవాళ్ళ కంచంలో వేసేసి, ఆ నూనెలో మిగతా తాలింపు పెట్టుకోండి, వాసన మొత్తం వస్తుంది, ఉబ్బరం రాదు. ఉల్లిపాయ బదులు ఉల్లికాడల్లో ఆకుపచ్చ భాగం వాడొచ్చు. పచ్చి ఉల్లిపాయ పెరుగుపచ్చడి, అబ్బా, అది మాత్రం నేను ఆదివారం ఒక్కరోజు తింటా, తెలిసే తింటా.

వాము, జీలకర్ర, ఇంగువ వీటిని నేను తీసిపారేయట్లేదు. తిన్నాక అర చెంచా వాము నమిలితే నాకు త్రేన్పు వచ్చి తేలికవుతుంది. శొంఠిపొడి, నెయ్యి, ఉప్పు వేసి మొదటి ముద్ద తినే అలవాటు మన పెద్దవాళ్ళది, అల్లానికి కడుపుని త్వరగా ఖాళీ చేయించే గుణం ఉంది కాబట్టి తిన్నది కదలకుండా బరువుగా ఉండేవాళ్ళకి అది బాగా పనిచేస్తుంది, మంట ఉన్నవాళ్ళకి కాదు. ఇవన్నీ ఆ పూటకి ఊరట. రాజ్మా నానబెట్టకుండా వండి పైన వాము నమిలితే లాభం లేదు. ఇంకోటి, గబగబా తింటూ మాట్లాడుతూ గాలి మింగేయడం, స్ట్రాతో కూల్‌డ్రింకులు, రోజంతా చూయింగ్ గమ్, వీటివల్ల కూడా పొట్ట ఉబ్బుతుంది. సోడా తాగితే త్రేన్పు వచ్చి హాయిగా ఉందనుకుంటాం గానీ సగం ఆ సోడాలో గ్యాసే.

మోషన్ అవ్వట్లేదు: అత్తయ్య కథ

ఇది అందరూ పీచు తినండి, నీళ్ళు తాగండి అని ఒక ముక్కలో చెప్పేస్తారు. ఎందుకు తినట్లేదో, ఎందుకు తాగట్లేదో ఎవరూ అడగరు. మా అత్తయ్యకి 74, కట్టుడు పళ్ళు. కూర పెడితే ముక్కలు పక్కకి తోసేసి పులుసుతోనే కలుపుకుంటారు, జామపండు ఇస్తే గింజలు పళ్ళ సెట్టు కింద దూరి చంపుతాయంటారు, చివరికి రెండు పూటలా మెత్తటి తెల్లన్నం పెరుగు. నీళ్ళేమో, "రాత్రి నాలుగు సార్లు లేవాలే అమ్మాయ్, బాత్రూంలో జారి పడితే ఎవరు లేపుతారు" అని సాయంత్రం కాదు పొద్దున్నుంచే తాగడం తగ్గించేశారు. ఇది నాకు క్యాలెండర్ పుణ్యమా అని పక్కన కూర్చుని అడిగితేనే తెలిసింది. దీనికి తోడు మోకాళ్ళకి వాడే కాల్షియం, నీరసానికి ఐరన్, ఈ రెండు మాత్రలూ మోషన్ బిగిస్తాయి. డాక్టర్‌కి చెప్తే ఐరన్ రకం మార్చి రోజు విడిచి రోజు వేసుకోమన్నారు.

పెద్దవాళ్ళకి రోజుకి కనీసం 25 గ్రాముల పీచు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్కల్లో చూస్తే పాలిష్ బియ్యం 100 గ్రాములకి పీచు 3 గ్రాములు కూడా లేదు, జొన్నల్లో 10 గ్రాముల పైన, రాగుల్లో 11 దాకా, జామపండులో 8 పైన. అంటే తెల్లన్నం పెరుగు మీద బతికితే పావు వంతు కూడా అందదు. అందుకని నమలక్కర్లేని పీచు వెతికా. పొద్దున్న రాగి జావ పల్చటి మజ్జిగతో, పప్పులో రోజుకో ఆకుకూర, తోటకూర, పాలకూర, మునగాకు మెత్తగా ఉడికించి, బీరకాయ తొక్కుతో పచ్చడి నూరి, సాయంత్రం నాలుగింటికి బొప్పాయి ముక్కలు లేదా రాత్రి నానేసిన ఎండుద్రాక్ష. ఈమధ్య కివీ పళ్ళు కూడా బాగా దొరుకుతున్నాయి కదా, రోజుకి రెండు తింటే మోషన్ సాఫీగా అవుతుందని పరీక్షల్లో కూడా తేలింది, చెంచాతో గీరుకుని తినొచ్చు, రేటే కాస్త ఎక్కువ. షుగర్ ఉన్నవాళ్ళు జావ చిక్కగా పెద్ద గ్లాసుడు తాగొద్దు, జావ కన్నా సంకటి ముద్దో రొట్టెనో నయం, పిండి పల్చబడి గొంతులోంచి జారిపోతే షుగర్ త్వరగా ఎక్కుతుంది.

నీళ్ళకి అత్తయ్యతో ఒప్పందం చేసుకున్నా. సాయంత్రం ఆరు లోపలే మీ నీళ్ళన్నీ తాగేయండి, ఆరు తర్వాత నేను అడగను అని. ఒక రాగి చెంబు పెట్టి, పొద్దున ఒకసారి, భోజనానికి ముందు ఒకసారి, మూడింటికి ఒకసారి నింపుతా. గుండె, కిడ్నీ జబ్బులుండి నీళ్ళు కొలిచి తాగమన్నవాళ్ళు మాత్రం ఆ కొలతే పాటించాలి.

ఇక్కడ నేను చేసిన తప్పొకటి చెప్తా. సిరిధాన్యాల వీడియోలు చూసి ఒకేసారి అన్నం ఆపేసి మూడు పూటలా కొర్రలు, అండుకొర్రలు మొదలెట్టా. వారం తిరక్కుండా నా పొట్ట బెలూన్, అత్తయ్యకి వస్తున్న మోషన్ కూడా బిగిసిపోయింది. పీచు పెంచడం వారాల మీద జరగాలి, నీళ్ళతో పాటు పెరగాలి, లేకపోతే అదే పోయి అడ్డం పడుతుంది. ఇప్పుడు వారంలో నాలుగు పూటలు జొన్న, రాగి, మిగతావి మామూలు అన్నమే.

ఇసబ్‌గోల్ కూడా వాడొచ్చు, రోజూ వాడినా అలవాటు పడే రకం కాదు. ఒకటి రెండు చెంచాలు పెద్ద గ్లాసు నీళ్ళలో కలిపి జిగురు కట్టకముందే తాగేయాలి, పైన ఇంకో గ్లాసు నీళ్ళు. తక్కువ నీళ్ళతో తాగితే గొంతులోనే ఉబ్బి ఇరుక్కోవచ్చు, మింగడం ఇబ్బంది ఉన్నవాళ్ళు ముట్టుకోవద్దు. పడుకునే ముందు కాకుండా సాయంత్రమే తాగితే మంచిది, వేరే మాత్రలకీ దానికీ రెండు గంటలు ఎడం ఉంచండి. ఆముదం, సునాముఖి చూర్ణాలు ఎప్పుడో ఒకసారికి సరే, రోజూ వేస్తే పేగు వాటికోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

కూర్చునే టైమ్, పద్ధతి కూడా ఇందులో భాగమే. టిఫిన్ తిన్న పావుగంట, ఇరవై నిమిషాలకి పెద్దపేగు తనంతట తనే కదులుతుంది, కడుపు నిండగానే కింద ఖాళీ చేయమని సిగ్నల్ వెళ్తుంది. ఆ టైమ్‌లో పిల్లల బాక్సులని, బస్సని ఆపుకుంటాం, అదే అలవాటై సిగ్నలే మానేస్తుంది. వెస్టర్న్ కమోడ్ అయితే కాళ్ళకింద జానెడు ఎత్తు పీట వేసుకోండి, మోకాళ్ళు నడుం కన్నా పైకి రావాలి, మన పాత లెట్రిన్‌లో గొంతుక్కూర్చున్నట్టు, అప్పుడు దారి సూటిగా తెరుచుకుంటుంది. అత్తయ్యకి మేం పూజగదిలో వాడని ప్లాస్టిక్ పీట ఇచ్చాం. "పీట మీద కాళ్ళు పెట్టుకుని కూర్చోడానికి నేనేమన్నా మహారాణినా" అన్నారు గానీ ఇప్పుడు ఊరెళ్తే సంచీలో పెట్టుకెళ్తారు.

విరోచనాలు పట్టుకుంటే

దీనికి పెద్ద వంటల ప్లాన్ ఏమీ అక్కర్లేదు, ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్ మీద ఎన్ని నీళ్ళని రాసుంటే అన్ని నీళ్ళలో కలిపి కొంచెం కొంచెం తాగడం, పెరుగన్నం, అరటిపండు, ఇడ్లీ. డబ్బాల్లో అమ్మే తియ్యటి డ్రింకుల్ని ఓఆర్‌ఎస్ అనుకుని పిల్లలకి పట్టేవాళ్ళం ఇన్నాళ్ళూ, హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి దానిమీద పోరాడితే 2025 అక్టోబర్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) వాళ్ళు అలాంటి డ్రింకుల మీద ఆ పేరు వాడొద్దన్నారు. రెండు రోజులు దాటినా, జ్వరం ఉన్నా, రక్తం పడ్డా, పిల్లలు డల్ అయిపోయినా ఆస్పత్రికే.

ఒకే పొయ్యి మీద ముగ్గురికీ

మూడు వంటలు చేస్తున్నానేమో అనుకుంటున్నారేమో, ఓపిక లేదమ్మా నాకు. పప్పు ఒకటే, నానబెట్టిందే, ఆకుకూర వేసి. అత్తయ్యది గరిటెతో ఇంకాస్త మెదిపేస్తా. తాలింపులో వెల్లుల్లి తీసి ఆయన బాక్సులో వేస్తా. కూర వేపుడు కాకుండా వారంలో అయిదు రోజులు ఇగురో, ఆవిరి మీద ఉడికించి పోపు పెట్టిందో. చారు మధ్యాహ్నానికి, రాత్రికి లేదు. పాలు సాయంత్రమే తోడు పెట్టేస్తా, రాత్రి గ్లాసుల్లో పోయడానికి మిగలవు. పెళ్ళిళ్ళకి వెళ్తే ఆయన మధ్యాహ్నం భోజనాలకి ఎంత కావాలంటే అంత తింటారు, రాత్రి రిసెప్షన్ బఫేలో మాత్రం ప్లేట్ తీసుకోరు, చేతిలో ఏదో ఒక కప్పు పట్టుకుని తిరుగుతారు, లేకపోతే ఎవరో ఒకళ్ళు తినండి తినండి అని పీకుతారు కదా.

మొన్న శనివారం మా ఆయన ఫ్రెండ్స్ వచ్చారు, పదింటికి బిర్యానీ, పైన డబల్ కా మీఠా, తిన్న అరగంటకే పడక. ఆదివారం పొద్దున కాఫీ పెడదామని వంటింట్లోకి వెళ్తే తలుపు వెనకాల పెన్ను ఇంకా ఊగుతోంది, ఆ గడిలో ఆయన చేత్తో "మం, రాత్రి 12.40" అని రాసుంది, పక్కనే అత్తయ్య వంకర అక్షరాల్లో "మో".